పనికి పోవచ్చు

మునియ్య చేతిని మోచెయ్యి పైదాకా తీసేశారని తెలిసిన సాయంత్రం గంగయ్య అన్నం ముందు కూర్చుని, ముద్ద కలపకుండానే లేచిపోయాడు. ఆ చేతికి కట్టు కట్టింది అతనే.

గంగయ్య తండ్రి ఉత్తరార్కాడు జిల్లాలో ఎముకలు కట్టేవాడు. చెట్టు మీద నుంచి పడ్డవాళ్ళు, బండి కింద పడ్డవాళ్ళు, ఎద్దు కుమ్మినవాళ్ళు ఆయన ముందుకు వచ్చేవాళ్ళు. గంగయ్య చిన్నప్పటి నుంచీ ఆ పక్కనే కూర్చుని చేతివాటం నేర్చుకున్నాడు. కరువు వచ్చి, తండ్రి పోయి, భార్య ద్రౌపదితో మద్రాసులో ఓడ ఎక్కి ఫిజీ చేరాక కూడా ఆ విద్య అతన్ని వదల్లేదు. నాందీ దగ్గర నవాకాలో చెరుకుతోట. వారమంతా చెరుకు నరికేవాడు. ఆదివారం పూట, కూలీలు ఉండే రేకుల లైన్లలో తన గది ముందు కూర్చుని బెణుకులు సవరించేవాడు, విరిగిన చోట వెదురు బద్దలు పెట్టి కట్టేవాడు. ఊళ్ళో వాడే నల్లేరు ఇక్కడ కనిపించలేదు. పక్క పల్లెలో ఒళ్ళు మర్దనా చేసే ఫిజీ ముసలామె ఒక ఆకు చూపిస్తే, అదే నూరి పట్టు వేసేవాడు.

లైన్లలో అందరికీ ఆస్పత్రి అంటే భయం. అక్కడికి వెళ్ళినవాళ్ళలో తిరిగి రానివాళ్ళే గుర్తుండేవాళ్ళు. అందుకే మునియ్య కూడా చెరుకు బండి చక్రం కింద చెయ్యి నలిగినప్పుడు నేరుగా గంగయ్య దగ్గరికి వచ్చాడు. ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికి వచ్చి ఉంది. గంగయ్య దాన్ని లోపలికి సర్ది, పసరు వేసి, తండ్రి కట్టినట్టే బిగించి కట్టాడు. ఎముక చక్కగా కూర్చుంది. కానీ కట్టు కింద గాయం కుళ్ళింది. వాసన వచ్చాక గాని ఎవరూ మునియ్యను ఆస్పత్రికి మోసుకుపోలేదు.

డాక్టరు దొర పిలుస్తున్నాడని మర్నాడు కాంపౌండరు రంగస్వామి వచ్చి చెప్పాడు. రంగస్వామికి ఇంగ్లీషూ తెలుగూ రెండూ వచ్చు. దొర మాటలను కూలీలకు చెప్పేది అతనే. సర్కారు అనుమతి లేకుండా వైద్యం చేస్తే జైలని అందరికీ తెలుసు. ద్రౌపది గంగయ్య వెంట ఆస్పత్రి మెట్ల దాకా నడిచింది.

డాక్టరు ముసలివాడు కాదు కానీ అలసిపోయిన మనిషి. చుట్టుపక్కల ఎస్టేట్లన్నిటికీ అతనొక్కడే, గుర్రం మీద తిరుగుతూ వారానికొకసారి నవాకా వస్తాడు. అతను గంగయ్యను తిట్టలేదు.

"గాయాన్ని ఎందుకు మూసేశావని అడుగుతున్నాడు" అన్నాడు రంగస్వామి.

"మా నాయన అట్లనే కట్టేవాడు దొరా."

"మీ నాయన కట్టినవాళ్ళలో ఎవరికీ ఇట్లా కాలేదా?"

గంగయ్య తల దించుకున్నాడు. "అయింది. అప్పుడు మేము వాళ్ళ రాత అనుకున్నాం."

డాక్టరు తన పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తర్వాత, గంగయ్య కట్టు కట్టిన మిగతావాళ్ళను పిలిపించమన్నాడు. భుజాలు తిప్పించాడు, పిడికిళ్ళు బిగించమన్నాడు, కాళ్ళు కొలిచాడు. చర్మం చిట్లని చోట గంగయ్య పని బాగానే ఉంది. ఒకటి రెండు వంకర కట్టినవీ ఉన్నాయి. డాక్టరు అవీ చూపించాడు, ఎందుకు వంకరపోయాయో చెప్పాడు. చివరికి ఒక మాట అన్నాడు. "చర్మం తెగితే నా పని. తెగకపోతే నీ పని. గుడ్డ ఉడికించకుండా వాడకూడదు. నేను వచ్చిన రోజున నా ఎదురుగా కట్టాలి."

అలా వర్షాలు వచ్చి పోయేదాకా గంగయ్య డాక్టరు పక్కన నిలబడి పని చేశాడు. చీము ఎలా మొదలవుతుందో నేర్చుకున్నాడు. కట్టు కింద గోళ్ళ రంగు చూడటం నేర్చుకున్నాడు. డాక్టరు సర్కారు ఉండే సువాకు రాశాడు, ఒకసారి కాదు, జవాబు రాకపోతే మళ్ళీ. చివరికి అనుమతి వచ్చింది. నవాకా ఎస్టేటులో ఎముకలు కట్టడానికి గంగయ్యను సర్కారు ఒప్పుకుంటోందని రంగస్వామి చదివి వినిపించి, ఒక ఇత్తడి బిళ్ళ చేతిలో పెట్టాడు.

గంగయ్య ఆ బిళ్ళను చొక్కాకు గుచ్చుకుని లైన్లకు వచ్చాడు. తండ్రి ఎందరి ఎముకలు కట్టినా, ఆ ఇళ్ళవాళ్ళు ఆయన్ను అరుగు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. వాకిట్లో నిలబెట్టి దూరం నుంచి గింజలు పోసేవాళ్ళు.

"మా నాయన చూసుంటే బాగుండు" అన్నాడు.

ద్రౌపది నవ్వింది. "నేను చూస్తా ఉండాను గదా మామా."

ఆమెకు అంతకంటే పెద్ద సంతోషం ఇంకొకటి ఉంది. ఆస్పత్రిలో కట్టుగుడ్డలు ఉతికి ఉడికించే పనికి ఆమెనే పెట్టుకున్నారు. చెరుకులో కలుపు తియ్యడం తప్పింది. వంగి వంగి ఆ పని చేస్తూనే ఇంతకుముందు రెండు కాన్పులు పాడయ్యాయని ఆమె నమ్మకం. ఇప్పుడు మళ్ళీ నెల తప్పింది.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. తర్వాత కోతలు మొదలయ్యాయి.

పని చేయించే దొరను కూలీలు కులంబరు అంటారు. నవాకా కులంబరు కొత్తగా ఒక ఏర్పాటు చేశాడు. డాక్టరు రోజూ ఉండడు కాబట్టి, ఒళ్ళు నొప్పి, నడుము నొప్పి అని చెప్పినవాళ్ళను పొద్దున గంట కొట్టగానే గంగయ్య చూడాలి. చూసి రెండిట్లో ఒకటి చెప్పాలి. ఆస్పత్రి, లేదా పనికి పోవచ్చు. డాక్టరు కూడా ఒప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ కులంబరు బూటుకాలితో తేల్చే విషయం తెలిసినవాడి చేతికి వస్తే కూలీలకే మంచిదనుకున్నాడు. గంగయ్య కూడా అట్లాగే అనుకున్నాడు. మొదటి వారాల్లో నొప్పి అన్నవాళ్ళలో సగం మందిని పనికి పంపకుండా ఆపేశాడు. ఆడవాళ్ళు అతనికి దణ్ణం పెట్టారు.

ఒకరోజు కులంబరు అతన్ని పక్కకు పిలిచి, వచ్చీరాని హిందీలో నెమ్మదిగానే చెప్పాడు. "నీ చేతిలో పడ్డవాళ్ళందరూ రోగిష్టులే అయితే నువ్వు నాకెందుకు? బిళ్ళ ఇచ్చెయ్యి. నీ ఆడది రేపటి నుంచి కలుపుకు వస్తుంది."

గంగయ్య ఆ మాట ద్రౌపదికి చెప్పలేదు. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని కాగుతున్న గుడ్డలను కర్రతో తిప్పుతోంది. కడుపు అప్పుడప్పుడే కనిపిస్తోంది.

మర్నాటి నుంచి అతను చిన్నచిన్నవి వదిలెయ్యడం మొదలుపెట్టాడు. మణికట్టు వాచినా కత్తి పట్టుకోగలిగితే, పనికి పోవచ్చు. మెడ పట్టేసినా తల తిరిగితే, పనికి పోవచ్చు. చెప్పిన ప్రతిసారీ లోపల ఒక లెక్క వేసుకునేవాడు, వీడికి ప్రమాదం లేదు, నొప్పి ఒక్కటే అని. చాలాసార్లు అది నిజమే. కానీ ఆదివారాలు అతని గది ముందుకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు. వెనక ఎవరో "చిన్న కులంబరు" అనడం ఒకసారి చెవిన పడింది. గంగయ్య తిరిగి చూడలేదు.

కిష్టయ్య మాత్రం వచ్చేవాడు. అతనూ గంగయ్యా ఒకే ఓడలో వచ్చారు. అలలకు కిష్టయ్య మెట్ల మీద నుంచి పడి భుజం జారితే గంగయ్యే ఎక్కించాడు. అప్పటి నుంచి అతనికి గంగయ్య అన్న, ద్రౌపది వదిన. నా అనేవాళ్ళు వేరే ఎవరూ లేరు. ద్రౌపదికి చింతకాయలు దొరకబుచ్చుకుని తెచ్చి, "వదినా, బిడ్డకు నా పేరు పెట్టకపోతే ఊరుకోను" అని గొడవ చేసేవాడు.

"ఆడపిల్ల పుడితే?" అనేది ఆమె.

"కిష్టమ్మ. పేరు బాలేదా?"

కోతలు ముగింపుకొస్తున్న రోజుల్లో, పట్టాల మీద నడిచే ట్రక్కులోకి చెరుకు ఎత్తుతూ కిష్టయ్య వెల్లకిలా పట్టా మీద పడ్డాడు. ఆ రోజు లేచి పని ముగించాడు. మర్నాడు గంట కొట్టినప్పుడు నొప్పులవాళ్ళ వరసలో నిలబడి ఉన్నాడు, సగం వంగిపోయి. ఒంట్లో బాగాలేదని కిష్టయ్య ఆ వరసలోకి రావడం అదే మొదలు.

గంగయ్య చొక్కా ఎత్తి వెన్నుపూసల మీద వేళ్ళు నడిపించాడు. నడుముకు కాస్త పైన ఒక చోట వేలు ఆనగానే కిష్టయ్య ఊపిరి ఆగిపోయింది. అక్కడ ఒక పూస మిగతావాటి వరసలో లేదు.

"కాళ్ళు తిమ్మిరెక్కతా ఉండాయా?" అని మెల్లగా అడిగాడు.

"ఎడమది. కొంచెం."

ఇలాంటివాణ్ణి కదిలించకూడదని తండ్రి చెప్పేవాడు. డాక్టరు కూడా చెప్పాడు. పలక మీద పడుకోబెట్టి, తను వచ్చేదాకా తాకవద్దన్నాడు. గంగయ్యకు ఆ రెండు మాటలూ గుర్తొచ్చాయి.

కులంబరు దగ్గరికి వచ్చాడు. ఆ పొద్దున అప్పటికే కొందరిని ఆస్పత్రికి పంపారు. ట్రక్కులు ఆగి ఉన్నాయి. "ఇంకొకడా?" అని ఆస్పత్రి వైపు చూశాడు. అక్కడ వాకిట్లో ద్రౌపది, కడుపు మీద ఒక చెయ్యి ఆనించుకుని, తాడు మీద గుడ్డలు ఆరేస్తోంది. కులంబరు ఆమెను చూసి, మళ్ళీ గంగయ్యను చూశాడు. ఇంకేమీ అనలేదు.

గంగయ్య చెయ్యి ఇంకా కిష్టయ్య వీపు మీదే ఉంది.

"పనికి పోవచ్చు" అన్నాడు.

కిష్టయ్య మెడ తిప్పి చూశాడు. అతని ముఖంలో అనుమానం లేదు, తేలికపడ్డట్టు ఉంది. "అంతేనా? నేనేందో అనుకుని రేయంతా భయపడినా. నువ్వు చెప్తే సరేలే అన్నా." చొక్కా సర్దుకుని, వంగి వంగి నడుస్తూ ట్రక్కుల వైపు పోయాడు.

మధ్యాహ్నానికి అతన్ని గోనెసంచి మీద వేసి మోసుకొచ్చారు. కట్ట ఎత్తుకుని ట్రక్కు పలక ఎక్కుతూ కుప్పకూలాడట. స్పృహ ఉంది, మాట ఉంది. కాళ్ళు రెండిట్లో కదలిక లేదు, అవి తనవి కావన్నట్టు చూస్తున్నాడు. "అన్నా, నా కాళ్ళు ఎవురో పట్టుకోనుండారు, వదలమని చెప్పు" అన్నాడు.

డాక్టరు వచ్చి చూసి, వెన్నుపూస విరిగిందన్నాడు.

విషయం నాందీలో మేజిస్ట్రేటు దాకా పోయింది. విచారణ పెట్టారు. గంగయ్యను ఏం అడుగుతారో లైన్లలో అందరికీ ముందే తెలుసు. తోట నడిపే కంపెనీ తరఫున చెప్పేది ఒకటే. సర్కారు గుర్తించిన మనిషే చూసి పనికి పొమ్మన్నాడు, మా తప్పేముంది? కులంబరు తను అక్కడ ఉన్నమాట నిజమే కానీ నోరు విప్పలేదని చెప్పాడు. అది నిజమే, నోరు విప్పలేదు.

విచారణ ముందురోజు డాక్టరు రంగస్వామితో కలిసి గంగయ్య దగ్గరికి వచ్చాడు.

"దొర చెప్పేది జాగ్రత్తగా విను" అని రంగస్వామి దొర మాటలను ఉన్నవి ఉన్నట్టు తెలుగులో చెప్పాడు. "వెన్నులో ఇట్లాంటి దెబ్బ వేళ్ళకు దొరకడం కష్టం. నేను చూసినా ముందే కనిపెట్టి ఉండేవాణ్ణని ఒట్టేసి చెప్పలేను. ఆ మాటే రేపు అక్కడ చెప్తాను. నువ్వు నీకు తెలియలేదని చెప్పు. పొరపాటు ఎవరికైనా అవుతుంది. నీ అనుమతి పోకుండా చూస్తాను."

"నాకు తెలియలేదని చెప్పాల్నా?"

రంగస్వామి డాక్టరుతో మాట్లాడి మళ్ళీ అన్నాడు. "నిన్ను చూసి ఇంకో రెండు ఎస్టేట్లలో నీలాంటివాళ్ళకు అనుమతి అడిగాడు దొర. సువాలో ఒప్పుకునేట్టే ఉన్నారు. నువ్వు రేపు చెప్పేదాన్ని బట్టి వాళ్ళ సంగతి ఉంటుందంటున్నాడు."

వాళ్ళు వెళ్ళిపోయాక ద్రౌపది గడప మీద కూర్చుంది. ఆమెకు నెలలు నిండుతున్నాయి. గంగయ్య ఆ పొద్దున జరిగిందంతా ఆమెకు చెప్పాడు. వేలికి తగిలిన పూస సంగతీ, ఆమెను కలుపుకు తోల్తానని కులంబరు అంతకుముందు బెదిరించిన సంగతీ, ఆ పొద్దున అతను ఎటు చూశాడో ఆ సంగతీ. రేపు నిజమే చెప్తానన్నాడు.

ఆమె అంతా విని, "నన్ను చూసి చెప్పినావా ఆ మాట?" అంది.

"నిన్నే చూసి చెప్పినా అనను. నోరు నాదే."

"నన్నొక మాట అడిగినావా మామా? కలుపుకు పోతావా, వాణ్ణి చంపమంటావా అని నన్ను అడిగినావా?" ఆమె గొంతు పెద్దదైంది. పక్కగది వాళ్ళు విన్నా ఆమె తగ్గించలేదు. "ఇప్పుడేమో నిజం చెప్తానంటావు. చెప్పు. రెండింటికీ నన్నడగలేదు. రెండింటినీ మోసేది నేనే."

 

విచారణలో గంగయ్య వంతు వచ్చినప్పుడు, ఆ దెబ్బ సంగతి తెలియలేదా అని మేజిస్ట్రేటు అడిగాడు. డాక్టరు బల్ల పక్కనే కూర్చుని, గంగయ్య ముఖంలోకి చూస్తున్నాడు.

"తెలిసింది దొరా" అన్నాడు గంగయ్య. "వేలికి తగిలింది. కాలు తిమ్మిరిగా ఉందని వాడు చెప్పినాడు. తెలిసే పొమ్మన్నా."

"ఎందుకు?"

"నా పెళ్ళాన్ని మళ్ళా కలుపుకు తోల్తారని. కోతల మొదట్లో కులంబరు దొర ఆ మాట అన్నాడు."

కులంబరు ఆ మాట ఎప్పుడూ అనలేదన్నాడు. విన్నవాళ్ళు ఎవరూ లేరు. మేజిస్ట్రేటు గంగయ్య అనుమతి రద్దు చేశాడు. తెలిసి తెలిసి కూలీ ప్రాణానికి ముప్పు తెచ్చినందుకు జైలు కూడా వేశాడు. కులంబరును ఇకమీదట జాగ్రత్తగా ఉండమన్నారు.

బయటికి తీసుకుపోతుంటే డాక్టరు అడ్డం వచ్చాడు. కోపంగా ఉన్నాడో దుఃఖంగా ఉన్నాడో గంగయ్యకు తెలియలేదు. రంగస్వామి తెలుగులో చెప్పాడు. "నువ్వు చేసింది మంచి పనే కావచ్చంటున్నాడు దొర. కానీ ఆ రెండు ఎస్టేట్లకూ ఇక అనుమతి రాదు. కూలీ వైద్యుణ్ణి నమ్మకూడదని ఇన్నాళ్ళూ చెప్పినవాళ్ళకు నువ్వే సాక్ష్యం ఇచ్చావు."

గంగయ్య తన చొక్కాకున్న బిళ్ళ తీసి డాక్టరుకు ఇవ్వబోయాడు. డాక్టరు దాన్ని తీసుకోలేదు. పక్కనున్న పోలీసు తీసుకున్నాడు.

అతను జైల్లో ఉండగా ఆడపిల్ల పుట్టింది. తిరిగొచ్చేసరికి ద్రౌపది పిల్లను గుడ్డలో చుట్టి చేను గట్టున పడుకోబెట్టి కలుపు తీస్తోంది. అతన్ని చూసి లేచి నిలబడింది, మళ్ళీ వంగింది. ఇంట్లో అన్నం పెట్టేది, నీళ్ళు పెట్టేది. మాట్లాడేది కాదు. పిల్లను అతని చేతికి ఇచ్చేది కాదు.

కిష్టయ్య ఆస్పత్రిలోనే ఉన్నాడు. కాళ్ళు రాలేదు. నడుము కింద పుండ్లు పడ్డాయి. పని అయ్యాక గంగయ్య వెళ్ళి అతన్ని పక్కకు తిప్పేవాడు, కడిగేవాడు, గుడ్డలు మార్చేవాడు. ఎముకను తాకడానికి అనుమతి లేదు కానీ పుండు కడగడానికి ఎవరూ అడ్డం చెప్పలేదు. మొదటిరోజు నుంచీ కిష్టయ్య గోడవైపు చూస్తూ ఉండేవాడు. ఒక సాయంత్రం తనంతట తానే మాట్లాడాడు.

"నీకు తెలుసునని కోర్టులో చెప్పినావంట గదా."

"చెప్పినా."

"దొరకు చెప్పినావు. నాకెందుకు చెప్పలేదు?"

గంగయ్య తడిగుడ్డను నీళ్ళలో ముంచి పిండాడు.

"ఆ పొద్దు నువ్వు నోటితో ఏమన్నా అనుకో. కన్ను గీటి ఉంటే చాలు. నేను నడిమధ్యలో కింద పడి ఏడ్చి ఉందును. కొడితే కొట్టనీ, లేచే పనే లేదు. నీ బిళ్ళా నిలిచేది, నా కాళ్ళూ నిలిచేవి." కిష్టయ్య ఊపిరి తీసుకున్నాడు. "ఒక్క కన్ను గీటకపోతివే."

అది గంగయ్యకు అప్పుడు తోచలేదు. 

"తిప్పు" అన్నాడు కిష్టయ్య కాసేపటికి. "ఎడమపక్క మంటగా ఉండాది."

గంగయ్య తిప్పాడు. ఆ తర్వాత కిష్టయ్య ఆ సంగతి ఎత్తలేదు. క్షమించాననీ అనలేదు. గంగయ్య వచ్చినప్పుడు గోడవైపు తిరగడం మాత్రం మానేశాడు. ఒకసారి ద్రౌపది పిల్లను తీసుకుని వస్తే, మంచం మీద తన పక్కన పడుకోబెట్టమన్నాడు. "కిష్టమ్మా" అని పిలిచాడు. ఆమె ముఖం తిప్పుకుని కన్నీళ్ళు తుడుచుకుంది.

తుపాను వచ్చి కొబ్బరిచెట్లను విరిచి, లైన్ల రేకులు లేపేసి పోయిన వారంలో కిష్టయ్యకు జ్వరం తగిలింది. మళ్ళీ దిగలేదు. డాక్టరు వచ్చేసరికి మాట పడిపోయింది. పోయాక అతని దగ్గర ఒక కంబళీ, ఒక కంచం మిగిలాయి.

చితికి పేర్చిన కట్టెలు తడిగా ఉన్నాయి. కిరసనాయిలు పోసినా పొగే వచ్చింది, మంట అంటుకోవడానికి చాలాసేపు పట్టింది. వచ్చినవాళ్ళు కొద్దిమంది. వాళ్ళు గంగయ్యకు ఎదురుగా, అవతలి పక్కన నిలబడ్డారు. అగ్గి పెట్టడానికి కిష్టయ్యకు ఎవరూ లేరు కాబట్టి గంగయ్యే పెట్టాడు. ఎవరూ వద్దనలేదు, ఎవరూ పెట్టమనీ చెప్పలేదు. మంట నిలిచాక ఒక్కొక్కరే వెళ్ళిపోయారు.

ద్రౌపది కొంచెం దూరంలో తల మీద అరిటాకు కప్పుకుని జల్లులో నిలబడి ఉంది. గంగయ్య దగ్గరికి వచ్చాక ఆమె పిల్లను చంక నుంచి తీసి అతని ముందుకు చాచింది.

"చెయ్యి లాగతా ఉండాది. పట్టుకో" అంది. అతను జైలు నుంచి వచ్చాక ఆమె నేరుగా అన్న మొదటి మాట అది.

పిల్లకు మెడ ఇంకా నిలవలేదు. గంగయ్య అరచెయ్యి తల కింద పెట్టి పట్టుకున్నాడు. మసి అంటిన చేతులని సందేహించాడు కానీ ఆమె ఏమీ అనలేదు. ఆమె ముందూ అతను వెనకా బురదలో లైన్ల వైపు నడిచారు. రేపు తెల్లారగానే ఇద్దరూ చేనుకు పోవాలి.